వీడియో క్రీడా పరిశ్రమ – ప్రకృతిపై దాని భారము
(తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతములను దృష్టియందుంచుకొని చేసిన పరిశీలనము)

ఆటకు బరువు లేదని లోకమున నొక తలంపు కలదు. గోలీలాటకు నాలుగు గోలీలును, గిల్లిదండకు రెండు కఱ్ఱముక్కలును, పులిజూదమునకు అరుగుపై గీచిన గీతలును, గుప్పెడు చింతగింజలును చాలును. ఆట ముగిసిన పిదప నేలకుగాని నీటికిగాని కలుగు నష్టమేమియు లేదు. నేటి వీడియో ఆటలు తెరపై మెఱయు వెలుగు మాత్రమే యగుటచే, అవి యింకను తేలికయైనవని తోచుట సహజము. ఆ వెలుగునకు వెనుక నున్న బొగ్గు, నీరు, లోహము, చెత్త యెంత? అవి యెచ్చటనుండి వచ్చి యెచ్చట చేరుచున్నవి? అందు మన తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతములకు గల సంబంధమెట్టిది? ఈ ప్రశ్నలను విచారించుటయే యీ వ్యాసమున కుద్దేశము. వీడియో ఆటలు పిల్లల చదువును చెఱచునా, పందెపుటాటలు కుటుంబములను కూల్చునా యను చర్చకు ఇచ్చట తావు లేదు. డబ్బు పెట్టి ఆడు ఆటలను పార్లమెంటు 2025 ఆగస్టున చేసిన చట్టముచే నిషేధించినది. అది వేఱు ప్రకరణము.

ఈ పరిశ్రమ చరిత్ర మిక్కిలి పొడవైనది కాదు. 1962లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున విద్యార్థులు బీరువాలంతటి గణనయంత్రముపై ‘స్పేస్ వార్’ అను ఆటను రచించిరి. 1972లో అటారీ సంస్థ ‘పాంగ్’ అను ఆటను అంగళ్ళలో నిలిపి ధనార్జన చేసెను. పదునొకండు సంవత్సరములకే ఈ పరిశ్రమ తన తొలి చెత్తకుప్పను చూచినది. అమ్ముడుపోని సరకు పేరుకొనిపోగా, 1983 సెప్టెంబరులో అటారీ సంస్థ ఆట పెట్టెలను లారీలపై తరలించి, న్యూమెక్సికో రాష్ట్రమున ఆలమొగోర్డో పట్టణపు చెత్త గోతిలో వేసి, పైన కాంక్రీటు పోయించెను. చాలకాలము జనులు దీనిని కట్టుకథ యనుకొనిరి. 2014 ఏప్రిల్‌లో ఆ గోతిని త్రవ్వగా పెట్టెలు నిజముగనే బయటపడెను. నాడు పూడ్చినవి 7 లక్షల 28 వేలని ఆ పనిని నడిపిన అధికారియే చెప్పెను. ప్లాస్టిక్కు డొల్లలు ముప్పది సంవత్సరములు మట్టిలో నుండియు చెక్కుచెదరలేదు. పైనున్న బొమ్మలును చాలవఱకు గుర్తుపట్టునట్లే యుండెను. వీడియో ఆటకు బరువు కలదని లోకము కండ్లార చూచిన సందర్భమిది.

ఇంక వర్తమానమునకు వత్తము. నేడు ఆటలాడు యంత్రములు ప్రధానముగా రెండు తెగలు. ఒకటి టెలివిజన్‌కు తగిలించి యాడు కన్సోల్. బలమైన కంప్యూటరు సైతము ఈ తెగలోనిదే. రెండవది సెల్‌ఫోన్. భారతదేశమున ఆడువారిలో అత్యధికులకు సెల్‌ఫోనే ఆటస్థలము. ప్రకృతిపై వీని భారమును గూర్చి వ్రాయువారు తఱచుగా రెంటిని కలగలిపి యొకే లెక్క చెప్పుదురు. అది సరికాదని నా యభిప్రాయము. ఒకదాని భారము ఆడుటయందున్నది. రెండవదాని భారము తయారుచేయుటయందున్నది. వ్యాధులు వేఱైనపుడు మందులును వేఱుగనే యుండవలెను గదా.

మొదట కన్సోల్ లెక్క చూతము. 2020లో వెలువడిన ప్లేస్టేషన్ 5 పెద్ద ఆటలు నడుచునపుడు సుమారు 200 వాట్ల విద్యుత్తును గ్రహించును. టెలివిజన్ వ్యయము దీనికి అదనము. ఒక యింట దినమునకు మూడు గంటల చొప్పున ఏడాదిలో 300 దినములు ఆడుదురనుకొందము. అప్పుడు ఏటికి 180 యూనిట్లగును. మన దేశపు బొగ్గుతో ఒక యూనిట్టు పుట్టించుటకు ఇంచుమించు 0.7 కిలోగ్రాము బొగ్గు కాల్పవలెను. ఆ 180 యూనిట్లును బొగ్గునుండియే వచ్చినవనుకొన్నచో సుమారు 125 కిలోల బొగ్గు కావలెను. మన బొగ్గునకు గల గొప్ప లోపము బూడిద. నూటికి 35 మొదలు 40 పాళ్ళవఱకు బూడిదయే మిగులును. కావున ఆ యింటి ఆట వలన ఏటికి దాదాపు 45 కిలోల బూడిద పుట్టుచున్నది. ఒక సిమెంటు మూటకు కొంచెము తక్కువ. ఈ బూడిద ఆడినవాని గడపలో పడదు. పడియున్నచో ఇంత వ్రాయ నవసరమే లేకపోవును.

అది పడుచోటు మన జిల్లాలోనే యున్నది. ఈ సంగతి తెలియుటకు కుశస్థలి నదిని మొదలునుండి తుదివఱకు ఒకమాఱు అనుసరింపవలెను. చిత్తూరు సీమ కొండలనుండి వచ్చు నీటితో నిండి, పళ్ళిపట్టు, తిరుత్తణి ప్రాంతములను తడిపి, నగరి నదిని కలుపుకొని, కుశస్థలి పూండి జలాశయమును చేరును. సత్యమూర్తి పేర వెలసిన యీ జలాశయము 1944లో పూర్తియైనది. తెలుగుగంగ ఒప్పందమును పురస్కరించుకొని 1996లో కృష్ణాజలములు కండలేరునుండి కాలువ వెంట వచ్చి చేరినదియు ఈ పూండియందే. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లానుండి విడివడి నాటి మద్రాసు రాష్ట్రమున కలిసినది. 1997లో తిరువళ్ళూరు ప్రత్యేక జిల్లాయైనది. సర్వేపల్లి రాధాకృష్ణ పండితుని జన్మస్థలమును గూర్చి మన సంచికలలో ఎన్ని వ్యాసములో వచ్చినవి. ఆ తిరుత్తణి ప్రక్కనే పాఱు నదిని గూర్చి వచ్చినవి బహుస్వల్పము. పటాస్కర్ నిర్ణయము ఊళ్ళను పంచెను గాని నదిని పంచలేదు. పూండి దాటిన పిమ్మట కుశస్థలి తూర్పునకు సాగి, ఎన్నూరు వద్ద ఉప్పుటేరై సముద్రమున కలియుచున్నది.

ఆ యుప్పుటేటి గట్టుననే బొగ్గు విద్యుత్కేంద్రములు బారులు తీరియున్నవి. 1970లో మొదలైన 450 మెగావాట్ల ఎన్నూరు కేంద్రము 2017లో మూతపడెను. అత్తిపట్టు వద్ద ఉత్తర చెన్నై కేంద్రపు మొదటి దశ 630 మెగావాట్లు, రెండవ దశ 1,200 మెగావాట్లు. 800 మెగావాట్ల మూడవ దశ 2024 మార్చిలో ప్రారంభింపబడెను. ఇవిగాక వల్లూరు వద్ద 1,500 మెగావాట్ల కేంద్రము మఱొకటి. ఒడిషా గనుల బొగ్గు పారాదీపునుండి ఓడలపై వచ్చి ఎన్నూరు రేవున దిగును. 2001లో ఆ రేవు తెఱచుటకు ముఖ్యకారణము ఈ బొగ్గే. పిదప అది కామరాజ రేవు అను పేరు దాల్చెను.

బొగ్గు కాలిన పిమ్మట మిగిలిన బూడిదను నీటితో కలిపి ముద్దచేసి, గొట్టముల ద్వారా సెప్పాక్కం గ్రామము చెంతనున్న బూడిద చెఱువునకు పంపుదురు. ఆ గొట్టములు ఉప్పుటేటిమీదుగను, దాని కయ్యలమీదుగను పోవుచున్నవి. అవి పలుమాఱులు పగిలి, బూడిద నీటిలో పడి, ఏటి అడుగున మేటలు వేసినది. లోతు తగ్గుటచే పోటుపాటుల నడక మందగించినది. మడచెట్ల మొదళ్ళయందు బూడిద గట్టిపడినది. రొయ్యలు, పీతలు పట్టి జీవించు జాలరుల కష్టము చెప్పనక్కఱలేదు. కేంద్రమున యంత్రములను చల్లార్చిన వేడినీరు ఏటిలోనికే వచ్చుట మఱియొక బాధ. జాలరులు మొఱపెట్టుకొనగా జాతీయ హరిత ధర్మాసనము విచారించి, 2022లో ఏటిని బాగుచేయవలసిన బాధ్యత విద్యుత్ సంస్థపై నుంచి తీర్పు చెప్పెను. తిరుత్తణిలో నొక బాలుడు మీట నొక్కినంతనే సెప్పాక్కంలో బూడిద రాలునని నా భావము కాదు. విద్యుత్తు తీగలలో ఎవరి యూనిట్టు ఎచ్చటిదో గుర్తుపట్టుట యసాధ్యము. తమిళనాట గాలిమరలును, సూర్యఫలకములును సమృద్ధిగా కలవు. కాని ఆటలు హెచ్చుగా సాగునది రాత్రి తొలిజామున. అప్పుడు సూర్యుడుండడు. గాలి బలముగా వీచునది మే మొదలు సెప్టెంబరు వఱకు మాత్రమే. కావున ఏడాదిలో అధికభాగము రాత్రివేళ ఆటకు ఆధారము బొగ్గే యనుట న్యాయము.

ఇచ్చట నొక చిన్న విషయము. తమిళనాట గృహములకు రెండు నెలల కొకమాఱు 100 యూనిట్లు ఉచితము; ఈ పద్ధతి 2016నుండి యున్నది. ఏటికి 600 యూనిట్లు. పైన చెప్పిన ఆట అందు దాదాపు మూడవవంతును మ్రింగుచున్నది. పేదయింట దీపమునకును, పంకాకును ఉద్దేశింపబడిన యీ సదుపాయము మేడలోని ఆటకును సమానముగనే వర్తించుచున్నది. బిల్లున కానరాని ఖర్చును తగ్గింపవలెనని యెవరికి తోచును? ఉచిత విద్యుత్తు తీసివేయుమని నేను చెప్పుట లేదు. ధర చూచి జనులు తామే పొదుపు చేయుదురను వాదము మన ప్రాంతమున చెల్లదని మాత్రమే చెప్పుచున్నాను.

యంత్రము ఆడనివేళ చేయు వ్యయము ఆశ్చర్యకరమైనది. మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ యంత్రమునకు రెండు విధములైన విశ్రాంతి కలదు. ఒకటి నిద్ర, రెండవది పూర్తిగా ఆఱుట. నిద్రలో నున్నపుడు అది 15 వాట్ల వఱకు గ్రహించును. ఆఱినపుడు అర వాటు మాత్రమే. దినమునకు 20 గంటలు నిద్రలో నుంచినచో ఏటికి 100 యూనిట్లకు పైబడును. ఆర్పినచో నాలుగు యూనిట్లైనను కావు. అనగా ఎవరును ఆడకుండగనే ఒక చిన్న కుటుంబపు రెండు నెలల ఉచిత విద్యుత్తు ఆవిరియగుచున్నది. పెట్టె తెఱచినప్పుడు ఏ విధమును కంపెనీ ముందుగా అమర్చియుండునో, ఇంచుమించు అందఱును దానినే కొనసాగింతురు. కావున ఈ దోషము వాడుకరిదికన్న కంపెనీదే యెక్కువ. 2023 జనవరిలో ఆ సంస్థ తన యంత్రములను సరిదిద్ది, వీలైనవానిని ఆఱుపద్ధతికి మార్చినది. క్రొత్త మార్పులను తెచ్చుకొను పనిని సైతము విద్యుత్తు శుభ్రముగా నుండు గంటలకు వాయిదా వేయు ఏర్పాటు చేసినది. ఇట్టి మార్పునకు క్రొత్త కర్మాగారమక్కఱలేదు. నాలుగు వరుసల ఆజ్ఞలు చాలును. అమెరికాలో ఎవాన్ మిల్స్ అను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో పరిశోధించి 2019లో ప్రకటించిన వ్యాసము ననుసరించి, ఆ యొక్క దేశమున వీడియో ఆటలకగు విద్యుత్తు ఏటికి 3,400 కోట్ల యూనిట్లు. అదే వ్యాసమున, ఆట సొగసు తగ్గకుండగనే ఈ వ్యయమును గణనీయముగా తగ్గింపవచ్చునని నిరూపింపబడినది.

రెండవ తెగయైన సెల్‌ఫోను కథ దీనికి విపరీతము. ఆడునపుడు ఫోను గ్రహించునది రెండు మూడు వాట్లు మాత్రమే. పైన చెప్పిన లెక్కప్రకారమే ఆడినను ఏటికి మూడు యూనిట్లు మించవు. బొగ్గుపులుసు వాయువు లెక్కలో అది రెండు కిలోల మాట. కాని ఆ ఫోనును తయారుచేయుటలో వెలువడు బొగ్గుపులుసు వాయువు సామాన్యముగా 50 మొదలు 80 కిలోల వఱకు నుండును. అనగా ఒక ఫోను తయారీభారమునకు సమానము కావలెనన్నచో దానిపై ముప్పది సంవత్సరములాడవలెను. మన పిల్లలు మూడేండ్లకే దానిని మార్చుచున్నారు. తఱచుగా ఆ మార్పునకు కారణమును ఆటయే. క్రొత్త ఆట పాత ఫోనులో నడువదు, నడిచినను తడబడును. ఫోను పనిచేయుచునే యుండును, ఆట మాత్రము దానిని వృద్ధునిగా ప్రకటించును.

తయారీభారమునందు నీటిపాలు పెద్దది. కన్సోలుకైనను ఫోనుకైనను హృదయము వంటిది సిలికాను చిప్పు. దానిని కడుగుటకు కావలసిన నీరు మనము త్రాగు నీటికన్న అనేక రెట్లు శుద్ధమైనది. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ చిప్పులు తయారగు తైవాను దేశమున 2021లో ఘోరమైన అనావృష్టి కలిగినది. అప్పుడు అచ్చటి ప్రభుత్వము 70 వేల హెక్టార్లకు మించిన పొలములకు నీరు నిలిపివేసెను. చిప్పుల కర్మాగారములు ట్యాంకరు లారీలతో నీరు తెప్పించుకొనెను. రైతునకు నష్టపరిహార మిచ్చిరి గాని నాట్లు పడలేదు. ఈ వృత్తాంతము మన జిల్లావారికి కొత్తగా నుండదు. చెన్నై జలమండలి తిరువళ్ళూరు జిల్లా రైతుల బావులనుండి నీరు కొని ట్యాంకర్లతో తరలించుట యెఱుగనివారెవరు? 2019 వేసవిలో పూండి, పుళల్ జలాశయములు ఎండి చెన్నైకి నీరు కఱవైనపుడు ఆ బావులే దిక్కైనవి. మీంజూరు ప్రాంతమున భూగర్భజలమును అతిగా తోడుటచే సముద్రపు ఉప్పునీరు అనేక కిలోమీటర్లు లోపలికి చొచ్చుకొనివచ్చినది. కట్టుపల్లియందు 2010నుండి సముద్రపు నీటినే మంచినీరుగా మార్చు కర్మాగారము నడుచుచున్నది. దానికి మరల విద్యుత్తు కావలెను. తిరువళ్ళూరునకు దక్షిణమున ఆనుకొనియున్న శ్రీపెరుంబూదూరు ప్రాంతమున 2006 మొదలు 2014 వఱకు నోకియా ఫోనులు కూర్చబడెను. నేడు ఫాక్స్‌కాన్ సంస్థ ఆపిల్ ఫోనులను కూర్చుచున్నది. మన ఊళ్ళ ఆడుబిడ్డలు పలువురకు ఆ పరిశ్రమలు అన్నము పెట్టుచున్నవి. ఇవి కూర్పు కర్మాగారములే గాని చిప్పులు చేయునవి కావు. కావున తైవానుతో సమానమైన నీటిభారము ఇచ్చట లేదు. చిప్పుల పరిశ్రమను తమిళనాటికి రప్పింపవలెనను ఉత్సాహము మాత్రము నానాట పెరుగుచున్నది. ఆ దినము వచ్చినపుడు పూండి నీటి లెక్కను ముందుగా అడుగువారు మనలో నుండవలెను.

లోహముల విషయము రెండు మాటలలో చెప్పెదను. చిప్పుల చుట్టునుండు చిన్న భాగములకు టాంటలమ్ అను లోహము కావలెను. 2000 ప్రాంతమున దాని ధర ఒక్కసారిగా చుక్కలనంటగా, ఆఫ్రికాలోని కాంగో దేశమున ఆ ఖనిజమునకై యుద్ధములు మఱింత ముదిరెను. ఆ గిరాకికి ఫోనులతో పాటు ప్లేస్టేషన్ 2 కూడ కారణమని నాడు విమర్శ చెలరేగెను. అటుపై 2010లో అమెరికా, కంపెనీలు తమ ఖనిజముల పుట్టుక చెప్పవలెనని చట్టము చేసెను.

డిస్కు కొనుటకన్న తీగల వెంట ఆటను దించుకొనుట ప్రకృతికి మేలని చాలమంది నమ్మకము. ప్లాస్టిక్కు లేదు, లారీ లేదు గదా! కాని 2014లో సోనీ సంస్థకు చెందిన కీరన్ మేయర్స్ మున్నగువారు ప్రకటించిన పరిశోధనములో, నాటి బ్రిటన్ దేశపు పరిస్థితులలో సుమారు 9 గిగాబైట్ల ఆటను దించుకొనుటకన్న డిస్కు కొనుటయే తక్కువ కాలుష్యకరమని తేలినది. నేడు తీగల సామర్థ్యము చాల వృద్ధిపొందినది. ఆటల పరిమాణమును 100 గిగాబైట్లకు పెరిగినది. పలువురు కలిసి యాడు ఆటలకు ఎల్లవేళల మేలుకొనియుండు డేటా సెంటర్లు కావలెను. 2018 వఱకు మన జిల్లాలో నుండి, పిదప చెన్నై జిల్లాలో చేర్పబడిన అంబత్తూరు నేడు అట్టి కేంద్రములకు నిలయమైనది. ఒకప్పుడు సైకిళ్ళకును, యంత్రభాగములకును పేరెన్నికగన్న పారిశ్రామికవాడ అది. ఇప్పుడచ్చట కిటికీలు లేని పెద్ద భవనములు రేయింబవళ్ళు చల్లగాలి పీల్చుచున్నవి. అవి ఆటలకొఱకే కట్టబడలేదు. బ్యాంకులు, కార్యాలయములు, చలనచిత్రములు అన్నియు అందున్నవి. కాని చెన్నై వేసవిలో యంత్రములను చల్లగా నుంచుట ఎంత ఖర్చో వేఱుగా చెప్పవలెనా?

చివరకు చెత్త. ఐక్యరాజ్య సమితి సంస్థల లెక్కననుసరించి 2022లో లోకమున పుట్టిన ఎలక్ట్రానిక్ వ్యర్థములు 6 కోట్ల 20 లక్షల టన్నులు. అందు సక్రమముగా సేకరింపబడి తిరిగి వినియోగమునకు వచ్చినట్లు దాఖలాలున్నవి నూటికి 22 పాళ్ళే. మన దేశమున 2022లో చేసి 2023 ఏప్రిల్ 1నుండి అమలుపఱచిన నియమావళిలో పాత పట్టికలోని 21 వస్తువులు 106 అయినవి. ఆటబొమ్మలు, వినోద వస్తువుల తరగతియందు వీడియో ఆటల యంత్రములును చేర్పబడినవి. తయారుచేసిన కంపెనీయే తన సరకు కడపటి గతికి బాధ్యత వహింపవలెనని అందలి సారాంశము. అది మంచి నియమము. ఆచరణయందు పాత ఫోను, పాడైన కన్సోలు తూకపువానికే చేరుచున్నవి. వాడు రాగితీగకై పైపూతను కాల్చును. బంగారపు పూతకై పలకను ఆమ్లమున ముంచును. ఆ పొగ, ఆ ద్రవము నేలనే చేరును. అనుమతి పొంది శాస్త్రీయముగా పనిచేయు కర్మాగారములును కలవు. గుమ్మిడిపూండి పారిశ్రామికవాడయందు పాత లోహములను కరగించు పరిశ్రమలే గాక, అపాయకరమైన వ్యర్థములను పదిలముగా పూడ్చిపెట్టు స్థలమును ఉన్నది. అదియు తిరువళ్ళూరు జిల్లాయే. ఆటయంత్రము పుట్టుక యెచ్చటైనను, విద్యుత్తునకును, కూర్పునకును, కాటికిని మన పరిసరములు చాలునన్నమాట.

పరిశ్రమవారు ఊరకున్నారని చెప్పరాదు. 2019 సెప్టెంబరులో ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగపు ప్రోత్సాహమున ‘ప్లేయింగ్ ఫర్ ది ప్లానెట్’ అను కూటమి యేర్పడి, సోనీ, మైక్రోసాఫ్ట్ మొదలగు సంస్థలు అందు చేరినవి. 2030 నాటికి తాము వదలుదానికన్న ఎక్కువ బొగ్గుపులుసు వాయువును తీసివేయుదుమని మైక్రోసాఫ్ట్ 2020లో ప్రకటించెను. సోనీ తన గడువును 2040 అని నిర్ణయించుకొనెను. వీరి వాగ్దానములను పరిహసింపను. కాని రెండు సంగతులను కలిపి చూడవలెను. ఇట్లు ప్రతిజ్ఞలు చేయుచునే, ఏడెనిమిదేండ్లకొక క్రొత్త యంత్రమును, అంతకన్న ఎక్కువ వాట్లను తెచ్చుచున్నారు. మైక్రోసాఫ్ట్ వారే 2025 అక్టోబరులో విండోస్ 10కు ఆసరా నిలిపివేయగా, బాగుగా పనిచేయు లెక్కలేని కంప్యూటర్లు ఒక్కనాటిలో ముసలివైనవి. నిలుకడ యనగా తక్కువ బూడిదతో ఆడుట మాత్రమే కాదు, ఉన్న యంత్రమును ఎక్కువ కాలము నిలుపుట. ఈ రెండవ భాగము అమ్మకమునకు అడ్డు వచ్చును గావున ప్రకటనలలో కానరాదు.

తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతముల నేతకుటుంబములకు ఈ మాట విప్పి చెప్పనక్కఱలేదు. మగ్గమున నాడె అరిగిన నాడెను, పలక విఱిగిన పలకను మార్తురు, మగ్గమును మార్చరు. తాత నేసిన మగ్గముపై మనుమడు నేయుట సామాన్యము. ఫోనునకు ముందుగా చెడునది బ్యాటరీ. ఆట పెట్టెకు ముందుగా చెడునది చేతిలోని మీట. నింటెండో సంస్థ స్విచ్ యంత్రపు మీటలు వాని యంతట అవే జరుగు దోషమునకు ఆ సంస్థ అధ్యక్షుడు 2020లో క్షమాపణ చెప్పవలసివచ్చెను. మీట యొక్కటి చెడినచో పెట్టె యంతయు చెడినట్లు కాదు. చెన్నై రిచీ వీధిలో కూర్చుండు మరమ్మతుదారుడు ఈ పనులను గంటలో చేసి యిచ్చును. అతనికి కావలసిన భాగములు, పటములు కంపెనీ ఇయ్యవలెనని చట్టము నిర్బంధించినచో, ఒక కూటమి పది సంవత్సరములలో సాధింపలేనిది కొంత సాధ్యమగునని నా నమ్మకము.

ఇంటియందు చేయదగినవి కొన్నియే. అవియు యంత్రమును బట్టి వేఱు. కన్సోలు గలవారు విశ్రాంతిపద్ధతిని నిద్రనుండి ఆఱుటకు ఒకమాఱు మార్చి యుంచినచో చాలును. ఆడుట ముగిసిన పిదప గోడమీటను కట్టుట అంతకన్న మేలు. చిన్న ఆటలకు 200 వాట్ల యంత్రమును లేపనక్కఱలేదు. నింటెండో స్విచ్ వంటివి పది వాట్ల ప్రాంతముననే నడుచును. ఫోను గలవారు విద్యుత్తును గూర్చి బెంగపడ నవసరమే లేదు. బ్యాటరీ మార్పించి మఱి రెండేండ్లు వాడినచో, పది సంవత్సరములు ఆడకుండుటకన్న ఎక్కువ ఫలితము. పాత యంత్రమును బీరువా అడుగున దాచుట మన యిండ్లలో నొక యలవాటు. దానిని తూకపువానికి వేయక, కంపెనీ సేకరణకేంద్రమునకుగాని కాలుష్యనియంత్రణ మండలి అనుమతి గల సంస్థకుగాని ఇయ్యవలెను.

మన సంఘము వారు ఏటేట ఉగాదినాడు పాతపుస్తకములను సేకరించి పాఠశాలలకు పంచుచున్నారు. అదే దినమున అదే బల్లపై పాత ఫోనులకును, ఆటయంత్రములకును ఒక పెట్టె నుంచి, నిండిన పిమ్మట గుమ్మిడిపూండికి పంపుటకు తిరువళ్ళూరునుండి బస్సు దూరము గంటన్నర మాత్రమే.